నాలుగో విమానం ఉన్నంతవరకు

పోయినవాటిని ముందు లెక్క పెడతాను. పదకొండు విమానాలు. మా ఆయన కూర్చునే ఎడమవైపు సీటు. ఆయన భుజం మీది నాలుగు బంగారు గీతల్లో ఒకటి. పాత కంపెనీ సీనియారిటీ జాబితాలో ఆయనకున్న పదిహేడో స్థానం. డ్యూటీ రోజుల కోసం చెన్నైలో విమానాశ్రయం దగ్గర ఉంచుకున్న చిన్న అద్దె ఇల్లు. వేలూరులో మా ఇంటిమీద లేవాల్సిన రెండో అంతస్తు. దానికోసం వదిలిన ఇనుప కమ్ములు ఇప్పటికీ మిద్దెమీద నిలబడి తుప్పు పడుతున్నాయి. ఇవన్నీ వేళ్ళమీద చెప్పగలిగినవి. ఫోన్ మోగితే తీసి మాట్లాడే మామూలు అలవాటు కూడా పోయింది. ఇప్పుడు మోగగానే ముందు మూడు రింగులు లెక్క పెడతాను, తర్వాతే చెయ్యి కదులుతుంది. దాన్ని ఏ వరుసలో వెయ్యాలో నాకు తెలియదు.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. గుడియాత్తం బజారులో మా నాయనది లుంగీల అంగడి. పదో తరగతితో చదువు ఆపేసి అంగట్లో కూర్చున్నాను. ఇరవై లుంగీలు ఒక కట్ట. పండగల ముందు ఎన్ని కట్టలు పోతాయి, వానల్లో మగ్గాలు ఎన్ని రోజులు ఆగుతాయి అని చూస్తూ చూస్తూ, వచ్చే నెల ఏది తక్కువ పడుతుందో ముందే చెప్పడం అలవాటైంది. పెళ్ళయ్యాక కూడా ఇంట్లో ఏ సందేహం వచ్చినా నన్నే లెక్క కట్టమనేవాళ్ళు. నా లెక్క తప్పదని కాదు. చేతిలో ఒక అంకె ఉంటే మనుషులకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

మా ఆయనదీ గుడియాత్తమే. పెళ్ళినాటికి కో-పైలట్, తర్వాత కెప్టెన్. పద్దెనిమిదేళ్ళు ఒకే రకం విమానం నడిపాడు. లైసెన్సు ఉంటే ఏ విమానమైనా నడపొచ్చని నేను చాలాకాలం అనుకున్నాను. అలా కాదు. ఒక్కో రకానికి ఒక్కో శిక్షణ, ఒక్కో పరీక్ష. ఆ రకం విమానాలు పోతే, పాసైన కాగితం బీరువాలో దాచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఒక చలికాలంలో ఆయన కంపెనీ ఇంకో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. టీవీలో రెండు కంపెనీల పెద్దలూ పూలగుత్తులు పట్టుకుని నవ్వుతున్నారు. గుడియాత్తంలో మా అత్త పక్కన కూర్చుని చూస్తున్నాం.

"పెండ్లి మాదిరి ఉండాదే" అన్నది మా అత్త.

"పెండ్లే అమ్మా" అన్నాడు ఆయన. "మనం ఆడపిల్ల తరఫు."

పెద్ద కంపెనీకి ఉన్నవన్నీ కొత్త విమానాలు. రెండు రకాలు పెట్టుకుంటే రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల మెకానిక్కులు, రెండు రకాల శిక్షణ. అందుకని పాతవాటిని మెల్లగా వదిలించుకుంటామని చెప్పారు. అవి ఎలాగూ కంపెనీ సొంతం కావు, అద్దెవి. అద్దె గడువు తీరినదాన్ని తీరినట్టు యజమానులకు తిరిగి ఇచ్చేస్తారు. అలాంటివి పదకొండు.

ఒక విమానం రోజూ తిరగాలంటే సెలవులూ విశ్రాంతులూ కలుపుకొని ఐదుగురు కెప్టెన్లు కావాలని ఆయన చెప్పాడు. పని తగ్గినప్పుడు జాబితాలో కింది నుంచి ఆపుతామని కంపెనీ చెప్పింది. ఆయన పదిహేడోవాడు. నాలుగు విమానాలు మిగిలితే ఇరవై మందికి పని, ఆయన లోపలే ఉంటాడు. మూడు మిగిలితే పదిహేను మందికే పని, ఆయన బయట. ఇది కట్టడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

చెప్పినప్పుడు ఆయన ఊరటపడ్డాడు. "అంటే ఇంకా ఎనిమిది పోవాల. రెండేండ్లు పడ్తాది" అన్నాడు.

ఆ జూన్ ఆఖరులో మెయిల్ వచ్చింది. కొత్త రకం విమానాలకు మారదలచినవాళ్ళు పేరు ఇవ్వొచ్చు, పేర్లు వచ్చిన వరుసలో శిక్షణ ఇస్తారు. అయితే మారినవాళ్ళు ముందు కుడివైపు సీట్లో, కో-పైలట్‌గా చెయ్యాలి. జీతం తగ్గుతుంది. మారనివాళ్ళు పాత విమానం ఉన్నన్నాళ్ళు ఎడమవైపే కూర్చోవచ్చు.

మెయిల్ వచ్చిన మర్నాడే ఆషాఢం మొదలైంది.

మావాళ్ళ ఇళ్ళలో రెండు క్యాలెండర్లు ఉంటాయి. మా అత్త చిత్తూరు నుంచి తెప్పించుకునే తెలుగు పంచాంగం ఒకటి, గోడకు తగిలించి రోజుకో కాగితం చించే తమిళ క్యాలెండర్ ఒకటి. తెలుగు ఆషాఢం అమావాస్య తర్వాత మొదలై మళ్ళీ అమావాస్యకు ముగుస్తుంది. తమిళుల ఆడి నెల జూలై నడుమ మొదలై ఆగస్టు నడుమ దాకా ఉంటుంది. రెండూ శూన్యమాసాలే, కొత్త పని మొదలుపెట్టరు. చిత్తూరు వైపువాళ్ళు ఆషాఢంతో సరిపెట్టుకుంటారు. మా పక్కింటివాళ్ళు ఆడితో సరిపెట్టుకుంటారు. తెలుగు మాట్లాడుతూ తరతరాలుగా తమిళుల మధ్య బతికినందువల్ల మావాళ్ళు రెండూ పట్టిస్తారు. రెండూ కలిసేది పది రోజులే అయితే, కలిపి దాదాపు యాభై రోజులు.

"ఉద్యోగం మారేది చిన్న పనా నాయనా?" అన్నది మా అత్త. "ఆషాఢం పోనీ. కంపెనీ యాడికి పోతాది?"

ఆ రోజు మా అన్న భోజనానికి వచ్చి ఉన్నాడు. పళ్ళికొండలో హైవే పక్కన షెడ్డు పెట్టుకుని మూడు లారీలు తిప్పుతుంటాడు.

"ఆషాఢం పోతే ఆడి ఉంటాది గదత్తా?"

"అదీ పోనీ."

"తెలుగోళ్ళకు ఒక నెల, తమిళోళ్ళకు ఒక నెల. మనకు మాత్రం డబలా? ఈ లెక్కన నా లారీలు ఏడాదికి రెండు నెలలు షెడ్డులోనే నిలబెట్టాల."

"నీ లారీలు రోజూ పొయ్యే దోవన పోతాయి. కొత్త లారీకి అడ్వాన్సు ఇచ్చేదానికి ఆడిలో పోయినావా అప్పా, ఎప్పుడన్నా?"

మా అన్న రసం పోసుకున్నాడు.

నేను మా ఆయన మొహం చూశాను. ఆయనకు ఇవేవీ పట్టవు. రాహుకాలంలో ఎన్నిసార్లు విమానం లేపాడో ఆయనకే గుర్తుండదు. ఇంట్లో ఎవరైనా వర్జ్యం అంటే, "కంట్రోల్ టవర్‌లో చెప్పి వాయిదా ఏపిచ్చేదా?" అని ఎగతాళి చేసేవాడు. ఆ రోజు మాత్రం తలకాయ ఊపి, "అమ్మ చెప్పినాక ఏం చేసేది" అన్నాడు. ఏళ్ళ తరబడి ఎడమవైపు కూర్చున్న మనిషి, తాను పని నేర్పిన కుర్రవాడి పక్కన కుడివైపు కూర్చోవాలి. అమ్మ మాట ఆయనకు అక్కరకు వచ్చింది.

చేతులు కడుక్కునేచోట నేను మెల్లగా అన్నాను. "పేరు ఇచ్చిపెట్టండి. వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు గదా."

"నాలుగు దాకా భయం లేదని నువ్వే గదా లెక్క ఏసినావు?"

నా అంకె నాకే తిరిగి వచ్చింది. ఇంకో మాట అనబోయి ఆగాను. శూన్యమాసంలో మొదలుపెట్టి రేపు ఏదైనా జరిగితే అన్న భయం నాలోనూ లేకపోలేదు.

అప్పటి నుంచి ఫోన్‌లో విమానాలు కనిపించే ఆప్ ఒకటి పెట్టుకున్నాను. ఏ విమానం ఏ ఊరి మీద ఉందో చూపిస్తుంది. తోకమీద రాసి ఉండే ఆఖరి రెండు అక్షరాలతో పదకొండింటినీ గుర్తుపెట్టుకున్నాను. పొద్దున లేచి, కాఫీకి పాలు పెట్టి, అవి పొంగేలోపల పదకొండూ కనిపిస్తున్నాయా అని చూసేదాన్ని. మేకలు తోలేవాళ్ళు మందను చూసుకున్నట్టు. ఆడి నెల నడుమ ఒక పొద్దున పది కనిపించాయి. పదకొండోది ముందురోజు సముద్రం దాటి పోయి, ఎక్కడో దిగి, ఆ తర్వాత లేవలేదు. పాలు పొంగి పొయ్యిమీద పడ్డాయి.

ఆడి వెళ్ళాక మొదటి మంచిరోజు చూసి ఆయన పేరు ఇచ్చాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఉన్న బ్యాచులన్నీ నిండాయి, మీ పేరు వెయిటింగ్‌లో పెట్టాం, ఖాళీ వస్తే తెలియజేస్తాం. జాబితాలో ఆయనకంటే కింద ఉన్న కుర్రవాళ్ళు చాలామంది జూన్‌లో మెయిల్ వచ్చిన గంటలోనే పేర్లు ఇచ్చేశారట. ఆయన పైనున్న పదహారు మంది పెద్దవాళ్ళు ఎవరూ కదల్లేదు. వాళ్ళకూ కుడివైపు సీటు ఇష్టం లేదు. కాబట్టి పదిహేడు పదిహేడుగానే ఉంది, నాలుగు నాలుగుగానే ఉంది.

తప్పింది రెండేళ్ళ లెక్క. వినాయక చవితి వెళ్ళేసరికి ఇంకో రెండు పోయాయి. వాటి అద్దె గడువు ఇంకా చాలా ఉందని ఆయనే చెప్పి ఉన్నాడు. గడువు ఉండగా ఎందుకు పోతున్నాయో నాకు అర్థం కాలేదు. పళ్ళికొండకు పోయినప్పుడు మా అన్నను అడిగాను. అన్న ఒక లారీ కింద నుంచి బయటికి వచ్చి, చేతులకు గ్రీజు తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వాడు.

"ఇంత లెక్క ఏస్తావు, ఇది తెలీదా మ్మే? లారీకి ఎఫ్‌సీ రాదా?"

ఎఫ్‌సీ అంటే బండి రోడ్డుమీద తిరగడానికి పనికొస్తుందని ఆర్టీవో ఆఫీసు ఇచ్చే కాగితం. ఆ పరీక్షకు పోయేముందు బండిని మొత్తం బాగుచెయ్యాలి.

"పాత బండికి ఎఫ్‌సీ చేపిచ్చాలంటే టైర్లు, పలకలు, పెయింటు, బ్రేకులు, అన్నీ కొత్తవి కావాల. ఆ కర్చు పెట్టినా బండికి ఆ రేటు రాదు. అందుకని ఎఫ్‌సీకి ముందర నెలే తోసేస్తాం. ఇంజను ఒకడికి, యాక్సిలు ఒకడికి. బండిగా పోయేదానికన్నా ముక్కలుగా పోతే దుడ్డు జాస్తి. విమానానికి మాత్రం వేరే న్యాయమా?"

ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేశాను. "విమానాలకు ఎఫ్‌సీ ఉంటాదా?"

"ఉంటాది. కొన్నేండ్లకొకసారి పెద్ద చెక్కు. మొత్తం విప్పి చూస్తారు. నెలల తరబడి పడ్తాది."

"మిగిలిన ఎనిమిదిట్లో ఈ ఏడాది చెక్కుకు వచ్చేటివి ఎన్ని?"

"నాలుగు" అన్నాడు.

ఎనిమిదిలో నాలుగు పోతే నాలుగు. ఆ తర్వాత ఒక్కటి పోతే చాలు. నేను రెండేళ్ళు అనుకున్నది ఏడాదిలోపలికి వచ్చేసింది. ఫోన్ పెట్టాక చాలాసేపు షెడ్డు బయటే నిలబడ్డాను. హైవేమీద లారీలు పోతూ ఉంటే, ఏది పాతది, ఏది ఎఫ్‌సీకి దగ్గరపడింది అని చూస్తున్నాను. ప్రతి బండిలోనూ ఒక డ్రైవరు కనిపించాడు.

మా అత్తకు వేరే భయం పట్టుకుంది. ఎవరో చెప్పారు, పాత విమానాలు కాబట్టి తీసేస్తున్నారని. "పాతది గదప్పా, నడపతా ఉంటే కింద పడదా?" అని అడిగింది.

"పాతదానికేం కాదమ్మా, బాగా చూసుకుంటారు. పడితే జీతం పడాలే గాని, విమానం పడదు" అన్నాడు ఆయన. అత్త దానికే తృప్తిపడి దిష్టి తీసింది. నేను తృప్తిపడలేదు.

కార్తీకంలో ఒక విమానాన్ని అప్పజెప్పి రమ్మని ఆయనకే పని వేశారు. కంపెనీ పేరు గీకేసి, ఒళ్ళంతా తెల్ల రంగు వేసి ఉందట. ప్రయాణికులు లేరు, భోజనాల బండ్లు లేవు. ఆ ఖాళీ బరువుకు అది ఎన్నడూ లేనంత సులువుగా లేచిందని, చేతికి కొత్తదానిలా తగిలిందని చెప్పాడు. నేను ఇక్కడ ఫోన్‌లో ఆ గుర్తు సముద్రం మీద పోతుంటే చూస్తూ కూర్చున్నాను. అది ఎంత నెమ్మదిగా పోతే అంత మేలు అనిపించింది. సముద్రం అవతలి ఊళ్ళో దిగి ఇంజన్లు ఆపగానే, నిచ్చెన కూడా వేయకముందే నలుగురు మనుషులు వచ్చి కిందనుంచి, ఏ భాగం ఎవరికో సుద్దముక్కతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టారట. ఇంజను ఇంకా వేడిగానే ఉంది. తన పనిలో ఒక వాటాను తానే నడుపుకుపోయి ఇచ్చేసి, ఇంకో కంపెనీ విమానంలో వెనక వరుసలో కూర్చుని ఆయన తిరిగి వచ్చాడు. ఇంటికి వచ్చాక ఇదంతా అన్నం కలుపుతూ చెప్పాడు. కలిపాడే గాని తినలేదు.

ఎండలు మొదలయ్యేసరికి అంకె నాలుగుకు వచ్చి అక్కడ నిలబడింది. ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఇంటిమీదుగా చెన్నై నుంచి బెంగళూరు పోయే విమానం చప్పుడు వినిపిస్తే, అది మనది కాదని తెలిసినా చేతిలో పని ఆపేదాన్ని. నాలుగింట్లో ఒకటి రెండు రోజులు నేలమీద నుంచి కదల్లేదు. టైరు ఏదైనా మారుస్తున్నారేమో అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు. మూడో రోజు ఆయన డ్యూటీ కాగితం ఖాళీగా వచ్చింది.

చెన్నై ఇంటి తాళాలు ఇచ్చేసి, నల్ల బ్యాగు, టోపీ తీసుకుని ఆయన వేలూరు వచ్చేశాడు. ఎగిరితేనే వచ్చే డబ్బు ఆగిపోయి మూల జీతం మిగిలింది. ఆఖరి పాత విమానం పోయేలోపల శిక్షణలో చోటు దొరకనివాళ్ళతో ఒప్పందం ముగిసినట్టేనని ఇంకో మెయిల్ వచ్చింది. అది చదివి ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

గుడియాత్తం బజారుకు పోతే నలుగురూ పలకరించేవాళ్ళు. మా నాయన అంగడి పక్కన పాత్రలు అమ్మే పెద్దాయన, వరసకు మా ఆయనకు మామ అవుతాడు, ఒక రోజు గట్టిగా అన్నాడు.

"విమానం నడిపేటోడు స్కూటీలో కొత్తిమీర కొనను వచ్చినాడే. ఏమప్పా కెప్టెన్, ఆకాశానికే లీవు ఇచ్చేసినారా?"

"కొత్తిమీరకు కో-పైలట్ అక్కర్లేదు మామా, అందుకని ఒక్కడినే వచ్చినా" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, కొత్తిమీర సంచి ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చున్నాడు. ఫోన్ మోగితే మొదటి శబ్దానికే తీసేవాడు. అది ఎప్పుడూ బ్యాంకువాళ్ళో, లోన్ కావాలా అని అడిగేవాళ్ళో.

మూడు రెండయ్యాయి. రెండింట్లో ఒకదానికి తెల్ల రంగు వెయ్యడానికి తీసుకుపోయారని ఆయన స్నేహితుడు చెప్పాడు. ఆ వారమే పిలుపు వచ్చింది. వెయిటింగ్‌లో ముందున్న ఒకాయన గల్ఫ్ కంపెనీకి పోయాడు, ఆ చోటు మీదే, మంగళవారం పొద్దున శిక్షణకు రావాలి. రాకపోతే తర్వాతివారికి ఇస్తారు.

ఆ మంగళవారం నవమి. మా అత్త పంచాంగం మూసి, ప్రస్థానం పెట్టమన్నది. బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే మంచి ఘడియలో సామాను ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. సామాను కదిలితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆదివారం ఆయన నల్ల బ్యాగును మా అన్న వచ్చి లారీలో పళ్ళికొండకు తీసుకుపోయాడు. బ్యాగు ఎత్తి సీటుమీద పెడుతూ అన్నాడు.

"ఇంత సులువైన ఉపాయం ఉండాది గదత్తా. ఇదే బ్యాగును జూన్‌లో నా ఇంటికి పంపించుంటే?"

"ప్రస్థానం దినానికే నాయనా. నెలకు లేదు."

అత్త అరుగుమీద కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా అన్నది. "ఇట్ల అవుతాదని తెలిసుంటే నేను ఆపుతానా?"

"నువ్వు ఆపలేదు లేమ్మా" అన్నాడు మా ఆయన. "నేనే ఆగినా."

ఆయన శిక్షణలో ఉండగానే ఆఖరి పాత విమానం పోయింది. ఒక పొద్దున ఆ రెండక్షరాలు కొట్టి చూస్తే ఖాళీ పటం వచ్చింది. పదకొండూ అయిపోయాయి. ఆయన పైనున్న పదహారు మందిలో ఇప్పుడు ఎగురుతున్నది ఐదుగురు. కొత్త కంపెనీలో వాళ్ళ వయసువాళ్ళు ఐదో వంతు కూడా లేరని ఆయన అంటాడు. ఆ లెక్క నేను సరిచూడలేదు.

ఆయన ఇప్పుడు కొత్త విమానంలో కుడివైపు కూర్చుంటాడు. భుజం మీద మూడు గీతలు. పక్కన కెప్టెన్ ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. అలవాటు కొద్దీ "సార్" అంటాడట, అన్నాక నాలిక కరుచుకుంటాడట. శిక్షణ ఖర్చుకు బదులుగా కొన్నేళ్ళు వేరే ఎక్కడికీ పోనని సంతకం పెట్టించుకున్నారు కాబట్టి గల్ఫ్ దారి కూడా మూసుకుపోయింది.

కుడివైపు ఐదు వందల గంటలు ఎగిరినవాళ్ళ పేర్లే ఎడమవైపు సీటుకు చూస్తారు. నెలకు డెబ్భై గంటలు వస్తాయని కట్టుకున్నాను. కొత్త విమానాలకు ఇంజన్ల కొరత వచ్చి కొన్ని నేలమీదే నిలబడి ఉన్నాయి. నలభై గంటలు కూడా రావడం లేదు. ఇప్పుడు నేను కొత్త విమానాల తోకమీది అక్షరాలు నేర్చుకుంటున్నాను, ఏవి కదులుతున్నాయి, ఏవి కదలడం లేదు అని. ఈ నెల కదలనివి పోయిన నెలకంటే ఎక్కువ. ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

నిన్న ఆయన దిగి ఫోన్ చేశాడు. మూడు రింగులు లెక్క పెట్టి తీశాను. "ఒకటి ఇరవై" అన్నాడు. అంటే గంటా ఇరవై నిమిషాలు ఎగిరాడు. తిన్నారా, ఎక్కడున్నారు అనేవి ఆ తర్వాతే. ఇప్పటిదాకా ఎగిరినదంతా ఐదు వందల్లోంచి తీసేసి చూశాను. ఇంకా నూట నలభై రెండు గంటల పది నిమిషాలు.